మొదటి కాటు

“ఆ కార్డు పక్కన పెట్టేయండి నాన్నా. ఇంకోటి తీయండి.”

ఎమరీ ఒరోష్ చేతిలోని కార్డును చూశాడు, తర్వాత కూతురిని చూశాడు. పొద్దుటినుంచీ వంటింటి బల్ల దగ్గర ఇదే పని. కార్డుకు ఒకవైపు ప్రశ్న, రెండోవైపు చట్టసూత్రం. ఆయన ప్రశ్న చదువుతాడు, కోరిన్ కళ్ళు మూసుకుని సూత్రం అప్పజెబుతుంది. నెలాఖరున కొలంబస్‌లో లాయర్ల పరీక్ష. ఆమె రాయడం ఇది రెండోసారి.

“ఇది నీకు కంఠతా వచ్చిన కార్డే కదమ్మా. పెంపుడు కుక్క ఎవరినైనా కరిస్తే...”

“వచ్చు. వచ్చు కాబట్టే వద్దంటున్నాను.”

ఆయన ఆ కార్డును బల్ల చివరకు జరిపి ఇంకోటి తీశాడు.

“ఒప్పందానికి ఒప్పుకుంటున్నానని ఒకడు ఉత్తరం రాసి పోస్టులో వేశాడు. ఆ ఒప్పుకోలు ఎప్పటినుంచి చెల్లుతుంది?”

“డబ్బాలో పడ్డ క్షణంనుంచి.”

“ఉత్తరం దారిలో పోతే?”

“పోయినా చెల్లుతుంది. చెయ్యి వదిలేశాక ఇక...” కోరిన్ ఆగిపోయింది. “ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు.”

బయట పారతో మంచు గీకుతున్న చప్పుడు. పక్కింటి విల్మా తన మెట్లు తనే గీక్కుంటోంది. పోయినవారం దాకా ఆ పని కోరిన్ భర్త ట్రెంట్ చేసేవాడు. వారం రోజులుగా ఎందుకో ఆ ఇంటి వైపు వెళ్ళడం మానేశాడు. పార రాతికి తగిలినప్పుడల్లా కోరిన్ భుజాలు ముడుచుకోవడం ఎమరీ గమనించాడు.

“నిన్న చర్చి వంటశాలలో విల్మా కలిసింది,” అన్నాడాయన కార్డులు సర్దుతూ. “నూడుల్స్ చుడుతూ చెప్పింది. ఇన్సూరెన్సు వాళ్ళు పరిహారం ఇవ్వబోమని అడ్డం తిరిగారట. కుక్క కరిచిన సంగతి సెప్టెంబర్లోనే ఎందుకు చెప్పలేదంటున్నారట. ఇవాళ వాళ్ళ మనిషి వస్తున్నాడు, ప్రశ్నలు అడగడానికి.”

కోరిన్ కళ్ళు తెరిచింది. “ఇవాళా?”

“మధ్యాహ్నం.”

“నా గురించి ఏమైనా అందా?”

“అంది. పరీక్షకి సరిగ్గా తింటూ చదువుతోందా అని అడిగింది.”

కోరిన్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఎమరీ లేచి, చల్లారిన ఆమె టీ ఒంపేసి మళ్ళీ వేడిది పోశాడు. భార్య మార్గిట్ పోయాక ఈ ఇంట్లో ఏం మాట్లాడాలో తెలియనప్పుడల్లా ఆయన చేసే పని అదే.

“నాన్నా, ఆ రోజు నేను విల్మా నేనికి చెప్పింది తప్పు.”

తాతలు హంగరీనుంచి వచ్చిన ఆ వాడలో పెద్దావిడల పేరు చివర నేని చేర్చి పిలవడం ఇంకా పోలేదు.

“తప్పేమిటి? కార్డులో అలాగే ఉంది కదా!” ఎమరీ చెయ్యి చాచి ఆ కార్డు తీసి తిప్పాడు. “కుక్కకు కరిచే గుణం ఉందని యజమానికి ముందే తెలిసి ఉండాలి. లేదా యజమాని అజాగ్రత్త ఉండాలి. రెండూ లేకపోతే మొదటి కాటుకు బాధ్యత లేదు. నువ్వు చెప్పిందీ ఇదేగా?”

“అక్షరం పొల్లు పోకుండా ఇదే చెప్పాను. ఇది పరీక్ష చట్టం నాన్నా. దేశమంతటికీ కలిపి ఒకే పరీక్ష పెట్టాలి కాబట్టి పాత సూత్రం ఒకటి పట్టుకున్నారు. ఒహాయోలో అది ఎప్పుడో పోయింది. ఇక్కడ కుక్క కరిస్తే యజమానిదే బాధ్యత. మొదటి కాటైనా సరే, ముందు తెలియకపోయినా సరే. పోయినవారం ఒహాయో పాఠం విడిగా చదువుతుంటే కనబడింది. పరీక్షలో ఒహాయో చట్టం రాస్తే మార్కులు పోతాయి. ఒహాయోలో పరీక్ష చట్టం చెబితే...”

“విల్మా ఇల్లు పోతుంది,” అన్నాడు ట్రెంట్ గుమ్మంలోంచి. కార్ల ఫ్యాక్టరీ షిఫ్టు దిగి అప్పుడే వచ్చాడు. గోడకు చెయ్యి ఆనించి బూట్లు విప్పుతున్నాడు.

అల్లుడికి ముందే తెలుసన్నమాట. ఎమరీకి మంచు గీకడం ఎందుకు ఆగిందో అర్థమైంది.

సెప్టెంబర్లో ఆ మధ్యాహ్నం ఆయన కళ్ళముందు కదిలింది. అవతలి ఇంటికి రోగిని చూడటానికి వచ్చిన డొరెట్ అనే నర్సు చేతిని విల్మా కుక్క కరిచింది. విల్మా వణుకుతూ వచ్చింది. “కంగారెందుకు? మా ఇంట్లో లాయరుంది, అడుగు,” అన్నది తనే. కోరిన్ అప్పటికి పరీక్ష మొదటిసారి రాసి ఫలితాల కోసం చూస్తోంది. అరుగు మీద నిలబడి, వేళ్ళ మీద ఒక్కొక్క అంశం లెక్కపెడుతూ, టకటకా చెప్పింది. బాధ్యత లేదు, ఏమీ ఒప్పుకోవద్దు, ఇన్సూరెన్సుకు కూడా చెప్పక్కర్లేదు, ఊరికే ప్రీమియం పెంచుతారు. ఆ సాయంత్రం ఆయన మార్గిట్ ఫొటో ముందు నిలబడి, చూశావా మన పిల్లని, అనుకున్నాడు.

తర్వాత అక్టోబర్లో ప్యాసైనవాళ్ళ పేర్లు అందరికీ కనబడేలా పెట్టారు. వాడలో వెతకనివాళ్ళు లేరు. ఆ మర్నాటినుంచి బేకరీలో రొట్టె చుట్టి ఇచ్చే ఆవిడ కోరిన్ ఊసు ఎత్తకుండా, ఇంకో గసగసాల రొట్టె ఊరికే సంచిలో పడేసేది. ఎమరీ దాన్ని దయ కిందే తీసుకున్నాడు. తినడానికి మాత్రం మనసొప్పేది కాదు.

“నేను వెళ్ళి చెబుతాను,” అంది కోరిన్.

“ఏమని?” ట్రెంట్ రెండో బూటు చేతిలో పట్టుకునే లోపలికి వచ్చాడు. “లైసెన్సు లేకుండా లాయరు పని చేశాననా? అది చెప్పాక ఇక పరీక్ష ఎందుకు? మీ నడవడి చూసే కమిటీ ఒకటుంది కదా. ఎప్పుడో మానేసిన ఉద్యోగం ఎందుకు మానేశావో కూడా రాయమన్నారు. ఇది రాస్తావా వాళ్ళకి?”

“రాయాలి.”

“రాయి. రాసేసి నాతోపాటు వచ్చి కార్లకి తలుపులు బిగించు.”

“బిగిస్తే తప్పా?”

“తప్పని నేనన్నానా? ఇన్నేళ్ళు రాత్రిళ్ళు నేను బిగించింది నువ్వూ వచ్చి బిగించడానికా అంటున్నా!” గొంతు పెరిగిందని అతనికే తెలిసి, తగ్గించాడు. “కోరీ, ఆవిడ నీ పేరు బయట పెట్టలేదు. పెట్టనిది నువ్వెందుకు పెట్టుకోవడం? నెలాఖరు దాకా నోరు కట్టేసుకో. పరీక్ష అయ్యాక నీ ఇష్టం.”

“ఆ మనిషి వచ్చేది ఇవాళ ట్రెంట్. నెలాఖరున కాదు.”

“నీకు ఆవిడ గురించి బాధా, నీ గురించి బాధా?”

కోరిన్ మెడ మీదుగా ఎరుపు చెవులదాకా పాకింది.

“ఎమరీ, మీరైనా చెప్పండి,” అన్నాడు ట్రెంట్.

ఎమరీ లేచాడు. తలుపు వెనకనుంచి రెండు కోట్లు తీశాడు. ఒకటి తనది, ఒకటి కూతురిది.

“సరిపోయారు ఇద్దరూ,” అని ట్రెంట్ మేడమెట్లు ఎక్కాడు. సగం ఎక్కాక ఆగాడు. “ఆవిడ వాకిట్లో ఎడమపక్క మంచు గడ్డకట్టింది. వచ్చేటప్పుడు ఉప్పు చల్లాను, ఇంకా కరగలేదు. కుడివైపునుంచి వెళ్ళండి.”

విల్మా వంటింట్లో పిండి, కాఫీ, తడి ఉన్ని కలిసిన వాసన. కుక్క బోద్రి పొయ్యి పక్కన పడుకుని ఉంది. దాని మూతికి తోలు పట్టీ.

“ఇంట్లో కూడానా?” అన్నాడు ఎమరీ.

“దానికి సిగ్గు లేదు, నాకుంది. కూర్చో. రా లాయరమ్మా, కోటు అక్కడ తగిలించు.”

“అలా పిలవకండి నేనీ.”

“మరేమని పిలవను? నీ పేరు లేని పట్టిక చూసినవాళ్ళు పిలవడం మానేశారు. నేను పట్టిక చూడలేదు. నా కళ్ళజోడు ఎక్కడో పెట్టాను.”

కళ్ళజోడు ఆవిడ మెడలో దారానికి వేలాడుతోంది. ఎమరీ తల తిప్పుకున్నాడు.

కోరిన్ కోటు విప్పలేదు, కూర్చోలేదు. “నేనీ, సెప్టెంబర్లో నేను మీకు తప్పు చెప్పాను. ఒహాయోలో...”

“తెలుసు.”

“తెలుసా?”

“ఆ నర్సు తరఫు లాయరు కాగితం పంపాడుగా. మొదటి వాక్యమే అది. చట్టం నెంబరు కూడా వేశాడు, నేను మళ్ళీ పొరబడకుండా.”

“మరి నాతో ఒక్కమాట కూడా అనలేదేం?”

“అనడానికి ఏముంది? నువ్వు చదువుకునే కిటికీ నా సింకుకి ఎదురుగా ఉంది. గిన్నెలు కడిగినంతసేపూ నీ తలే కనబడుతుంది, వంగి. ఆ తల మీద ఇది కూడా పడేయమంటావా?” విల్మా కాఫీ పోసి ఆమె ముందుకు జరిపింది. అంతలోనే ఆవిడ గొంతు మారింది. “నా బాధ ఇల్లు కాదే అమ్మాయ్. ఆ నర్సు పిల్ల.”

“డొరెట్?”

“ఒకరోజు నా గుమ్మం దాకా వచ్చింది. చేతికి కట్టు. బొటనవేలు వంగట్లేదట, సూది పట్టుకోలేకపోతోందట. నేను లోపలికి రమ్మనలేదు. నువ్వు నేర్పిందంతా నిలబెట్టి అప్పజెప్పాను. మా కుక్క కరవడం ఇదే మొదటిసారి, దానికి కరిచే గుణం ఉందని నాకు తెలీదు, చట్టప్రకారం నీకు రావలసింది ఏమీ లేదు అన్నాను. ఆ పిల్ల ఏమందో తెలుసా?”

కోరిన్ తల అడ్డంగా ఊపింది.

“కుక్కకి టీకాలన్నీ వేయించారా అని అడిగిపోదామని వచ్చానమ్మా, అంది. అంతే. అది అడగడానికే వచ్చింది. అడిగి, నేను వేయించానంటే, థాంక్స్ చెప్పి మెట్లు దిగింది. తర్వాతే లాయరు దగ్గరికి వెళ్ళింది.”

బోద్రి లేచి, పట్టీ బిగించిన మూతిని కోరిన్ మోకాలికి ఆనించింది. ఆమె దాన్ని తోసేయలేదు, నిమరనూ లేదు. తన మాటలు ఇంకొకరి నోట, కట్టుకట్టిన చేతికి ఎదురుగా, ఎలా వినిపించి ఉంటాయో ఆమె మొహంలో కనబడుతోంది. తను వేళ్ళ మీద లెక్కపెట్టినట్టే విల్మా కూడా లెక్కపెట్టి ఉంటుంది.

కోరిన్ విల్మా వైపు తిరిగి అంది. “ఇవాళ వచ్చే మనిషికి నిజం చెప్పండి. నేను చెప్పబట్టే మీరు ఆగారని చెప్పండి.”

“ఫోనులో అప్పుడే చెప్పేశాను. ఎవర్నీ అడగలేదు, నా బుద్ధే అంత అన్నాను.”

“అలా అనకూడదు నేనీ! మీకున్న ఒకే ఒక్క దారి అది. ఆలస్యానికి సరైన కారణం ఉంటే వాళ్ళు అంత తేలిగ్గా కాదనలేరు. లాయరనుకుని ఒక మనిషిని అడిగాను, అక్కర్లేదని ఆవిడే చెప్పింది అంటే...”

“ఇది ఏ చట్టం?” అంది విల్మా. “పరీక్షదా, ఒహాయోదా?”

కోరిన్‌కు చెంప మీద కొట్టినట్టయింది. ఎమరీ కప్పులో చెంచా తిప్పడం ఆపేశాడు.

“ఒహాయోదే... అనుకుంటున్నాను.”

“అనుకుంటున్నావు.”

“నాకు తెలీదు నేనీ.” కోరిన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. “నాకు నిజంగా తెలీదు. తెలిసిన లాయర్ని ఎవరినైనా అడగండి. కానీ అబద్ధం మాత్రం చెప్పకండి, నా కోసం.”

“నీ కోసమని ఎవరన్నారు?” విల్మా కసిరింది. “నీ మనసు తేలికపడాలని నా గుమ్మమెక్కావు. తేలికపడి నువ్వు వెళ్ళిపోతావు. రేపు నీ పరీక్ష పోతే, ఈ సింకు దగ్గర నిలబడి ఆ కిటికీ చూడాల్సింది నేను. నా ఇల్లు పాతబడింది, నేనూ పాతబడ్డాను. నువ్వింకా మొదలే పెట్టలేదు.”

“విల్మా, నిన్ను కోరిన్ దగ్గరికి పంపింది నేను,” అన్నాడు ఎమరీ.

“నువ్వు ఊరుకో. ఆ రోజు నీ పొంగు చూసి చొక్కా గుండీలు తెగుతాయనుకున్నాను.”

కాలింగ్ బెల్ మోగింది.

విల్మా లేచి, ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంది. “మీరు కాఫీకి వచ్చారు. కాఫీ తాగండి. అంతే.”

ఇన్సూరెన్సు మనిషి పేరు వెండెల్ పైక్. నడివయసువాడు. ఎవరూ చెప్పకుండానే బూట్లు గుమ్మంలో విప్పి లోపలికి వచ్చాడు. మేజోడుకు బొటనవేలి దగ్గర చిరుగు. ఎమరీ తన కుర్చీ జరిపి, బల్ల కింద కాళ్ళు పెట్టుకునేలా అతనికి చోటిచ్చాడు. పైక్ బోద్రిని చూసి, భయపడకుండా చెయ్యి వాసన చూడనిచ్చి, పాపం, అన్నాడు మెల్లగా.

“వీళ్ళు?”

“పక్కింటివాళ్ళు. కాఫీకి వచ్చారు.”

“ఉండొచ్చు, మీకు అభ్యంతరం లేకపోతే.” చిన్న రికార్డరు తీసి బల్ల మీద పెట్టాడు. దాని కొనన ఎర్రగా వెలిగింది. విల్మా పేరు, చిరునామా, కుక్క వయసు చెప్పింది. కరిచిన రోజు గురించి ఉన్నదున్నట్టు చెప్పింది.

“మాకు తెలియజేయడానికి ఇంతకాలం ఎందుకు పట్టిందమ్మా?”

“పెద్దదాన్ని. తోచలేదు.”

“ఎవరినైనా సలహా అడిగారా? లాయర్ని గానీ, లాయరని మీరు నమ్మినవాళ్ళని గానీ?”

కోరిన్ తలెత్తింది. పైక్ ఆమెను చూడటం లేదు. విల్మానే చూస్తున్నాడు, అవునని చెబితే బాగుండునని ఎదురుచూస్తున్నట్టు.

“లేదు.”

“తొందరపడకండి. ఆలోచించి చెప్పండి. ఇది ముఖ్యమైన ప్రశ్న.”

“ఎవర్నీ అడగలేదు నాయనా.”

కోరిన్ కళ్ళు కప్పులోకి దిగాయి. ఎమరీ కూతురి వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుందని ఆయనకు తెలుసు. పైక్ మరికాసేపు ఆగి, రికార్డరు ఆపేశాడు.

“సరే అయితే. ఇంకెవరైనా చెప్పేది ఉందా?”

ఆ మాట అతను అలవాటుగా అన్నాడో, కావాలనే అన్నాడో.

“ఉంది,” అన్నాడు ఎమరీ. “ఆవిడకు అక్కర్లేదని చెప్పింది నేను.”

“ఎమరీ!” అంది విల్మా.

“ఎక్కడో చదివాను, మొదటి కాటుకు బాధ్యత ఉండదని. నేను కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. చట్టం తెలీదు. తెలిసినట్టు మాట్లాడాను. అది నమ్మి ఆవిడ ఊరుకుంది.”

ఆయన గొంతు నెమ్మదిగానే ఉంది. చేతులు మాత్రం బల్ల మీద ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. తన తండ్రి అబద్ధం చెప్పగా కోరిన్ ఎన్నడూ చూడలేదు. ఇంత బాగా చెప్పగలడని కూడా తెలీదు. అందులో ప్రతి మాటా నిజమే, మనిషి ఒక్కరే మారారు.

పైక్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. “ఒకరు ఎవర్నీ అడగలేదంటున్నారు. ఒకరు నేనే చెప్పానంటున్నారు. ఏది రాసుకోమంటారు?”

“ఆవిడకి గుర్తుండదు,” అన్నాడు ఎమరీ.

“నాకా గుర్తుండనిది? నీ మొహం!” అంది విల్మా.

“నాన్నా, చాలు,” అంది కోరిన్.

ఆమె కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడుకు బోద్రి తలెత్తింది. పిండి అంటిన విల్మా చెయ్యి వచ్చి ఆమె మణికట్టు మీద పడింది. “నువ్వు కాఫీ తాగు.” కోరిన్ ఆ చేతిని మెల్లగా విడిపించి, బల్ల మీద పెట్టి, ఒక్క క్షణం దాని మీద తన చెయ్యి ఉంచింది.

“అది మళ్ళీ ఆన్ చేయండి.”

పైక్ వెంటనే ఆన్ చేయలేదు. “చేస్తే ఇక తుడిచేయడం ఉండదమ్మా. ఇది మా ఆఫీసుకి వెళ్తుంది. అక్కడినుంచి ఎక్కడికైనా వెళ్ళొచ్చు.”

“తెలుసు.”

ఎర్రగా వెలిగింది.

“మీ పూర్తి పేరు చెప్పండి.”

“కోరిన్ మార్గిట్ ఒరోష్.”

తల్లి పేరు వినబడగానే ఎమరీ కళ్ళు దించుకున్నాడు.

“మీరు చేసే పని?”

పైక్ ఆమె మొహం చూడకుండా రికార్డరు వైపే తల వంచుకుని, తొందరేమీ లేదన్నట్టు కూర్చున్నాడు.

“ఆ రోజు మీరు ఇదే అడిగి ఉంటే లాయర్నని చెప్పేదాన్ని,” అంది చివరికి.

పైక్ తలెత్తాడు.

“ఆ రోజు ఆవిడకు ఏమని చెప్పారు?”